సైలెంట్ వ్యాలీ: ఓటు లేని అడవికి వకాల్తా

ఢిల్లీలో విధాన నిర్ణయాలు ఎలా రూపుదిద్దుకుంటాయో గమనించే పాత్రికేయులకు ఒక మాట నిత్యం వినిపిస్తూనే ఉంటుంది: ‘ఇది శాస్త్రీయంగా తేలిన విషయం’. ఆనకట్ట కట్టాలనేవారూ ఆ మాటే అంటారు, వద్దనేవారూ ఆ మాటే అంటారు. జన్యుమార్పిడి పంటలు, అణువిద్యుత్తు, బొగ్గు గనులు, సౌరవిద్యుత్ పార్కులు... అంశం ఏదైనా ఇరుపక్షాల చేతుల్లోనూ నిపుణుల నివేదికలే ఉంటాయి. మరి ప్రజాస్వామ్యంలో శాస్త్రం ఎవరి పక్షాన మాట్లాడాలి? ఎవరిని ఉద్దేశించి మాట్లాడాలి? చట్టసభలో మెజారిటీ ఒకటి కోరుకుంటూ ఉంటే, శాస్త్రజ్ఞులు మరొకటి చెబుతూ ఉంటే, ఎవరి మాట చెల్లాలి? స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్నలు సూటిగా ఎదురైన తొలి సందర్భాల్లో ఒకటి కేరళలోని సైలెంట్ వ్యాలీ వివాదం. దాన్ని కొందరు ఒక కోతి కథగా గుర్తుంచుకున్నారు. మరికొందరు ఇందిరాగాంధీ పర్యావరణ దృష్టికి నిదర్శనంగా చెప్పుకుంటారు. ఈ రెండింటి నడుమ అసలు చరిత్ర మరుగున పడింది.

పాలక్కాడ్ జిల్లా మన్నార్కాడ్ సమీపంలో, నీలగిరుల నైరుతి అంచున ఉన్న వర్షారణ్యం అది. స్థానికులు సైరంధ్రి వనమంటారు. అజ్ఞాతవాసంలో ద్రౌపది ధరించిన పేరే ఆ వనానికి వచ్చిందని ఐతిహ్యం. అడవి నడుమ కుంతిపుళ పారుతుంది. తూతపుళ మీదుగా భారతపుళలో కలిసే ఈ నది ఎత్తైన పీఠభూమి నుంచి ఇరుకైన కొండల మధ్యగా ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఇంజనీర్ల కంటికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. అందుకే బ్రిటిష్ పాలనా కాలంలోనే, 1920ల చివర, సైరంధ్రి వద్ద విద్యుదుత్పత్తికి అనువుందని గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం ఆమోదం లభించింది. 130 మీటర్ల ఎత్తున ఆనకట్ట, 120 మెగావాట్ల విద్యుత్తు, మలబార్ ప్రాంతంలో 10,000 హెక్టార్లకు సాగునీరు. ఇందుకు మునిగేది 8.3 చదరపు కిలోమీటర్ల అడవి.

ఈ ప్రాజెక్టును కోరుకున్నవారిని అభివృద్ధి పిచ్చిలో పడినవారిగా చిత్రించడం అన్యాయమవుతుంది. కేరళలో బొగ్గు లేదు. రాష్ట్రం దాదాపు పూర్తిగా జలవిద్యుత్తు మీదే ఆధారపడి ఉండేది. ట్రావన్‌కోర్, కొచ్చిన్ సంస్థానాలతో పోలిస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక మూలగా ఉండిపోయిన మలబార్ వెనుకబడిందన్న బాధ నిజమైనది. అక్కడ పరిశ్రమలు రావాలి, యువతకు ఉద్యోగాలు కావాలి. కాబట్టే అధికారపక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా రాష్ట్రంలోని ప్రధాన రాజకీయ పక్షాలన్నీ ప్రాజెక్టు వెనుక నిలిచాయి. విద్యుత్ బోర్డు ఇంజనీర్లు, కార్మిక సంఘాలు కూడా అటే ఉన్నాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాలి. ఇతర ఆనకట్టల వద్ద నిర్వాసితులు ఉంటారు. వారికి ఓట్లు ఉంటాయి. వారి కన్నీళ్లు పత్రికలకు ఎక్కుతాయి. సైలెంట్ వ్యాలీలో మునిగే చోట ఊళ్లు లేవు. ఇల్లు పోతుందని రోడ్డెక్కేవారు లేరు. రాజకీయ లెక్కల్లో అంతకన్నా సులువైన ప్రాజెక్టు మరొకటి ఉండదు. ఆ అడవికి వకాల్తా పుచ్చుకోవడానికి శాస్త్రం తప్ప మరో గొంతు లేకపోయింది.

తొలి సందేహాలు 1970ల ఆరంభంలో వచ్చాయి. సింహపుతోక కోతిపై పరిశోధన చేసిన స్టీవెన్ గ్రీన్, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ ఈ అడవి ప్రాముఖ్యాన్ని బయటి ప్రపంచం దృష్టికి తెచ్చారు. 1976లో కేంద్ర ప్రభుత్వ పర్యావరణ ప్రణాళిక, సమన్వయ జాతీయ కమిటీ ఒక టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. జఫర్ ఫతేహల్లీ దాని అధ్యక్షుడు. ప్రాజెక్టును విరమించుకోవడమే మేలని ఆ బృందం చెప్పింది. కానీ ఆ మాటతో ఆగలేదు. ఒకవేళ విరమించడం సాధ్యం కాకపోతే 17 రక్షణ చర్యలు తీసుకోవాలని కూడా సూచించింది.

నిపుణులు సదుద్దేశంతో తెరిచిన ఈ చిన్న కిటికీయే ప్రభుత్వానికి రాజద్వారమైంది. ‘వద్దు’ అన్న ప్రధాన సిఫార్సును పక్కన పెట్టి, ‘తప్పకపోతే’ అన్న అనుబంధాన్ని రాష్ట్రం అందుకుంది. రక్షణ చర్యలన్నీ పాటిస్తామంది. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ షరతులకు తగినట్టు 1979లో కేరళ శాసనసభ పర్యావరణ సమతుల్య రక్షణ పేరిట ఒక చట్టమే చేసింది. షరతులతో కూడిన అనుమతి అనే విధానం మన పర్యావరణ పాలనలో నేటికీ రాజ్యమేలుతోంది. షరతులు కాగితంపై ఉంటాయి, కాంక్రీటు నేలమీద ఉంటుంది. ఆ విద్య ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలంటే ఈ 17 రక్షణ చర్యల వైపు చూడాలి.

సరిగ్గా ఈ దశలోనే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు రంగంలోకి దిగింది. శాస్త్ర విషయాలను మలయాళంలో రాయాలన్న సంకల్పంతో 1962లో కోళికోడ్‌లో కొందరు రచయితలు స్థాపించిన సంస్థ ఇది. 1974 నాటికి ‘సామాజిక విప్లవం కోసం శాస్త్రం’ అన్నది దాని నినాదమైంది. ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, అధ్యాపకులు దాని సభ్యులు. వారిలో అధికులు వామపక్ష అభిమానులే. వామపక్షాలు ప్రాజెక్టును సమర్థిస్తున్నాయి. అంటే పరిషత్తు తన సొంత ఇంటివారితోనే వాదానికి దిగవలసి వచ్చింది. వృక్షశాస్త్ర ఆచార్యుడు ఎం.కె. ప్రసాద్ సైలెంట్ వ్యాలీని కాపాడాలని రాసినప్పుడు సంస్థలో కూడా అందరూ వెంటనే ఒప్పుకోలేదు. చర్చ జరిగింది. ఆ చర్చలోంచే ప్రశ్న మారింది.

‘అడవి కావాలా, కరెంటు కావాలా’ అన్నది అప్పటిదాకా ఉన్న ప్రశ్న. అలా అడిగితే మలబార్ ప్రజల జవాబు ముందే తెలుసు. పరిషత్తు ఆ ప్రశ్నను అంగీకరించలేదు. ఈ కరెంటు ఎవరికి, ఎంత, ఏ ధరకు, ఇంకో దారి ఉందా అని అడిగింది. అడిగి ఊరుకోకుండా జవాబు వెతికే బాధ్యతను ఐదుగురికి అప్పగించింది. వృక్షశాస్త్రం నుంచి ఎం.కె. ప్రసాద్, అణు ఇంజనీరింగ్ నేపథ్యం నుంచి ఎం.పి. పరమేశ్వరన్, విద్యుత్ ఇంజనీరింగ్ నుంచి వి.కె. దామోదరన్, వ్యవసాయ రంగం నుంచి కె.ఎన్. శ్యామసుందరన్ నాయర్, ఆర్థికశాస్త్రం నుంచి కె.పి. కణ్ణన్. వీరు కలిసి 1979లో వెలువరించిన సాంకేతిక, ఆర్థిక, సామాజిక, రాజకీయ మదింపు మన దేశంలో ఒక పౌరసంస్థ భారీ ప్రాజెక్టుపై సొంతంగా చేసిన తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి.

ఆ నివేదిక బలం అది ఎంచుకున్న పద్ధతిలో ఉంది. అడవి అందాన్ని వర్ణిస్తూ కూర్చోకుండా విద్యుత్ బోర్డు లెక్కల్లోకే దిగింది. ఇడుక్కి ప్రాజెక్టు 1976లో పని మొదలుపెట్టాక కేరళ మిగులు విద్యుత్తును పొరుగు రాష్ట్రాలకు అమ్ముతోందని గుర్తుచేసింది. మలబార్‌లో కొరతకు ఉత్పత్తి లోపం ఎంత కారణమో, బలహీనమైన సరఫరా వ్యవస్థ, దారిలో జరిగే విద్యుత్ నష్టాలు అంత కారణమని చూపింది. రాష్ట్రం పూర్తిగా వానల మీద ఆధారపడటం ప్రమాదకరమని, మలబార్‌కు థర్మల్ కేంద్రం కావాలని ప్రత్యామ్నాయాన్ని సూచించింది. 1980లలో వచ్చిన కరువు సంవత్సరాల్లో జలాశయాలు అడుగంటి కేరళ విద్యుత్ కోతలు చవిచూసినప్పుడు ఆ హెచ్చరికలోని సత్యం అందరికీ అర్థమైంది. కుంతిపుళ మీద మరో ఆనకట్ట ఉన్నా అదీ వాన కోసం ఎదురుచూసేదే.

ప్రాజెక్టు సమర్థకుల ప్రధాన వాదన శాతాలకు సంబంధించింది. దాదాపు 8,950 హెక్టార్ల అడవిలో మునిగేది 830 హెక్టార్లు. పదో వంతు కూడా లేదు కదా, తొమ్మిది వంతులు మిగులుతాయి కదా అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. శాస్త్రజ్ఞుల సమాధానం ఏమిటంటే అడవి చీరల తాను లాంటిది కాదు, ఒక చివర కొంత కత్తిరించి మిగతాది దాచుకోవడానికి. మునిగే పదో వంతు నదీతీరపు అడవి, మొత్తం వ్యవస్థకు అది గుండెకాయ. పైగా నిర్మాణం జరిగే ఏళ్ల తరబడి రహదారులు, వేలాది కూలీలు, వంటచెరకు, వేట ఆ లోయలోకి వస్తాయి. మునిగిన మేరకే నష్టం అనుకోవడం లెక్క తప్పు.

ఆహారానికి సంబంధించిన వాదన కూడా అప్పుడే ముందుకొచ్చింది. పశ్చిమ కనుమల వర్షారణ్యాల్లో మిరియాలు, ఏలకుల వంటి పంటల అడవి చుట్టాలు ఉన్నాయి. సాగు పంటకు తెగులు సోకినప్పుడు నిరోధక గుణం కోసం ప్రజనన శాస్త్రజ్ఞులు వెతికేది ఆ అడవి మొక్కల్లోనే. ఇది ఊహాగానం కాదు. 1970లలో ఆసియా వరిపొలాలను గ్రాసీ స్టంట్ వైరస్ దెబ్బతీసినప్పుడు, వేలాది వరి నమూనాలను పరీక్షించిన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు నిరోధక గుణం దొరికింది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక అడవి వరిలో. ఐఆర్-36 వంటి రకాలకు ఆ రక్షణ అలా అబ్బింది. ఏ మొక్క ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియనప్పుడు దాన్ని నీట ముంచడం రైతు విత్తనపు గాదెకు నిప్పు పెట్టుకోవడమే. హరిత విప్లవ సారథి ఎం.ఎస్. స్వామినాథన్ సైలెంట్ వ్యాలీ పక్షాన నిలవడంలో వింతేమీ లేదు. కేంద్ర వ్యవసాయ శాఖ కార్యదర్శిగా ఆయన ఆ ప్రాంతాన్ని సందర్శించి, చుట్టుపక్కల అడవులతో కలిపి 389.52 చదరపు కిలోమీటర్లను జాతీయ వర్షారణ్య జీవావరణ కేంద్రంగా కాపాడాలని సూచించారు.

న్యాయస్థానం దారి మరోలా ఉంది. పనులు నిలిపివేయాలని వేసిన వ్యాజ్యాన్ని కేరళ హైకోర్టు 1980 జనవరి 2న కొట్టివేసింది. ప్రభుత్వం అన్ని అంశాలనూ పరిశీలించే నిర్ణయం తీసుకుందని, ఆ శాస్త్రీయ వాదాల మంచిచెడ్డలను తాము మళ్లీ తూచబోమని న్యాయమూర్తుల అభిప్రాయం. శాసనసభ వద్దనలేదు, కోర్టు ఆపలేదు. గొడ్డళ్లు కదలడమే తరువాయి. ఆ రోజుల్లోనే దేశంలో అధికారం చేతులు మారింది. ప్రధానిగా తిరిగి వచ్చిన ఇందిరాగాంధీ, అన్ని కోణాలూ చర్చించే దాకా పనులు ఆపమని కేరళను కోరారు. ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కేంద్ర, రాష్ట్ర నిపుణులతో సంయుక్త కమిటీ ఏర్పడింది. 1983లో దాని నివేదిక వచ్చింది, ఆ ఏడాది చివరికి ప్రాజెక్టు ఆగిపోయింది. 1984 నవంబరు 15న సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానంగా ప్రకటితమైంది. 1985 సెప్టెంబరు 7న రాజీవ్‌గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్నను దాటవేయకూడదు. ఎన్నికైన రాష్ట్ర శాసనసభ కోరిన ప్రాజెక్టును ఢిల్లీలోని ప్రధాని, కొందరు శాస్త్రజ్ఞుల మాట విని ఆపారు. దీన్ని ప్రజాస్వామ్యం అనవచ్చా? ఫెడరల్ సూత్రాన్ని గౌరవించేవారికి ఇది చిన్న విషయం కాదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం తీర్మానాలు, సలీం అలీ వంటి ప్రముఖుల విజ్ఞప్తులు ఆమెపై పనిచేశాయన్నది వాస్తవం. అంతటితో కథ ముగిసి ఉంటే, పైవారి చెవి దగ్గర మాట చెల్లించుకోగల కులీనుల విజయంగానే దాన్ని చెప్పుకోవలసి వచ్చేది.

కథ అంతటితో ముగియలేదు. పరిషత్తు నివేదిక ప్రధాని బల్ల మీదికి చేరేలోగా కేరళ గ్రామాలకు చేరింది. సభలు, కరపత్రాలు, బహిరంగ చర్చలు, సంతకాల సేకరణ జరిగాయి. విద్యుత్ బోర్డు ఇంజనీర్లతో వేదికల మీదే వాదప్రతివాదాలు నడిచాయి. సుగతకుమారి, ఎన్.వి. కృష్ణవారియర్, ఓ.ఎన్.వి. కురుప్, అయ్యప్ప పణిక్కర్ వంటి కవులు అడవి పక్షాన గొంతు కలిపారు. ‘కోతుల కోసం మనుషులు చీకట్లో ఉండాలా’ అని ఎగతాళి చేసినవారి ప్రశ్నకు జవాబు మలయాళంలో, అంకెలతో, వీధిలో లభించింది. 1978లో ఏకపక్షంగా ఉన్న రాష్ట్ర అభిప్రాయం 1983 నాటికి అలా లేదు. కాబట్టే ప్రాజెక్టును వదులుకున్న తరువాత కూడా కేరళ రాజకీయాలు తలకిందులు కాలేదు. 2000ల ఆరంభంలో ఉద్యానం దిగువన పాత్రక్కడవు పేరిట 70 మెగావాట్ల ప్రాజెక్టు మళ్లీ తెరమీదికి వచ్చినప్పుడు, ఢిల్లీ జోక్యం కోసం ఎదురుచూడకుండా కేరళ సమాజమే ప్రశ్నించింది. 2007లో రాష్ట్ర ప్రభుత్వమే ఉద్యానం చుట్టూ రక్షణ వలయాన్ని ఆమోదించింది. ఓటరు మనసు మారడమే ఏ నిర్ణయానికైనా అసలు ఆమోదముద్ర.

ఈ ఒరవడి తరువాతి దశాబ్దాల్లో ఎక్కడెక్కడికో పాకింది. 1987లో దేశమంతా తిరిగిన భారత జన విజ్ఞాన జాతాకు, ఆ మరుసటి ఏడాది తెలుగునాట పుట్టిన జన విజ్ఞాన వేదికకు కేరళ అనుభవమే పాఠం. పొరుగున శ్రీలంకలో ఎప్పావల భాస్వర ఖనిజాన్ని విదేశీ సంస్థ భాగస్వామ్యంతో కొద్దికాలంలో తవ్వి అమ్మేయబోతే, అక్కడి రైతులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశ జాతీయ శాస్త్ర సంస్థల అభిప్రాయం తీసుకోకుండా ముందుకు సాగరాదని 2000లో ఆ కోర్టు తీర్పునిచ్చింది. ఎరువుల ఖనిజం భావితరాల తిండికి సంబంధించినదన్న స్పృహ ఆ తీర్పులో ఉంది.

మన దేశంలో 2010 నాటి బీటీ వంకాయ ఉదంతం మరో మైలురాయి. నియంత్రణ కమిటీ సరేనన్న తరువాత కూడా పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి, ఫిబ్రవరి 9న తాత్కాలిక నిషేధం ప్రకటించారు. సుప్రీంకోర్టు ఆ కమిటీకి పంపిన పరిశీలకుడు, హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ స్వతంత్ర పరీక్షలు జరగలేదని పట్టుబట్టారు. ఎందరో శాస్త్రజ్ఞులు ఆయనతో విభేదించారు. మూడేళ్లకే బంగ్లాదేశ్ అదే పంటను అనుమతించింది కూడా. ఎవరిది సరైన నిర్ణయమన్న వాదం నేటికీ ఉంది. అయితే ఆ ఏడాదే ఆరు జాతీయ శాస్త్ర అకాడమీలు కలిసి ఇచ్చిన నివేదికలో కొన్ని భాగాలు జన్యుమార్పిడి పంటలను సమర్థించే వ్యాసం నుంచి ఎత్తిరాసినవని తేలి, నివేదికను సవరించి మళ్లీ వెలువరించవలసి వచ్చింది. శాస్త్రం పేరిట మాట్లాడేవారికి పలుకుబడి వారి పదవుల వల్ల రాదు. లెక్కను ఎవరైనా సరిచూసుకోవడానికి బల్లమీద పెట్టడం వల్ల వస్తుంది.

పశ్చిమ కనుమలపై మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లో ఇచ్చిన నివేదిక గతి ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ. కేంద్రం దాన్ని నెలల తరబడి దాచింది. సమాచార హక్కు కింద పోరాడితే, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన మీదట 2012లో బయటకు వచ్చింది. ఈలోగా ఊళ్లలో భయాలు, వదంతులు రాజ్యమేలాయి. తమ పొలాలు పోతాయని కొండప్రాంతాల రైతులు నమ్మారు. గ్రామసభలే నిర్ణయించాలని చెప్పిన నివేదిక గ్రామసభలకు వారి భాషలో సకాలంలో చేరనే లేదు. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి వందలమంది మరణించినప్పుడు అందరూ ఆ నివేదికను తలచుకున్నారు. సైలెంట్ వ్యాలీలో జరిగింది ఇక్కడ జరగకపోవడానికి శాస్త్రం లోపం కారణం కాదు, దాన్ని జనంలోకి తీసుకెళ్లే దారి మూసుకుపోవడమే కారణం.

నేడు ప్రశ్న మరింత జటిలమైంది. 1979లో అడవికి ఎదురుగా కరెంటు నిలిచింది. నేడు అడవికి ఎదురుగా వాతావరణ రక్షణే నిలుస్తోంది. హిమాలయ నదులపై భారీ ఆనకట్టలకు ‘కర్బన రహిత విద్యుత్తు’ అన్న కొత్త సమర్థన దొరికింది. రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లో సౌర, పవన విద్యుత్ తీగలకు తగిలి బట్టమేక పక్షులు చనిపోతున్నాయి. అక్కడ సుమారు 99 వేల చదరపు కిలోమీటర్ల మేర ఆంక్షలు విధిస్తూ సుప్రీంకోర్టు 2021లో ఉత్తర్వులిచ్చింది. 2024 మార్చి 21న వాటిని సడలించి, వ్యవహారాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కు అని చెప్పిందీ ఆ తీర్పే. రెండు ప్రయోజనాలూ నిజమైనవే అయినప్పుడు నిపుణులు ఒక్కరే తీర్పరులు కాలేరు. వారు ఏ లెక్క వేశారో, ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు కాదన్నారో పౌరులకు తెలియాలి.

దానికి కావలసినవి మహా సంస్కరణలేమీ కావు. 1994లో పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనలు వచ్చాయి, 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరైంది. సైలెంట్ వ్యాలీ నాటి పౌరులకు లేని సాధనాలివి. కానీ 2020లో కేంద్రం అవే నిబంధనల కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు, దాన్ని ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నింటిలో ప్రచురించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. భద్రాచలం ఏజెన్సీలోనో, శ్రీకాకుళం తీరంలోనో ఉన్న రైతుకు తన ఊరి భవితవ్యాన్ని తేల్చే పత్రం తెలుగులో అందాలంటే న్యాయస్థానం కల్పించుకోవాలా?

కేరళలో ఆ ఐదుగురు చేసిన పని ఈ వెలితిని పూడ్చడమే. ప్రభుత్వ అంకెలను విడదీసి, ప్రత్యామ్నాయాన్ని లెక్కగట్టి, జనం భాషలో చెప్పి, జనం ఎదుట వాదించారు. కుంతిపుళ ఇప్పటికీ ఆనకట్ట లేకుండా ఆ లోయలో పారుతోంది. తదుపరి ప్రాజెక్టు నివేదిక మన ప్రాంతానికి వచ్చినప్పుడు దాన్ని తెరిచి లెక్క సరిచూసే ఐదుగురు మనలో ఉన్నారా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న.